నిండుకున్న మాటలు

మా వీధిలో ఒక పెద్దామె ఉన్నారు. ఎనభై యేళ్లు దాటినవి. భర్త గతించిన తరువాత ఆ పాత యింటిలో ఒంటరిగానే కాలక్షేపం చేస్తున్నారు. మనుమడు దూరపు నగరంలో ఉద్యోగి. వారానికొకసారి ఫోనులో పలకరిస్తాడు. ఆమెకు కావలసిన రక్తపోటు మాత్రలు అక్కడనే కొని పంపుతాడు. క్రిందటి వేసవిలో ఒక ఆదివారం నాడు అతడు ఫోను చేసి, "మామ్మా, మాత్రలున్నాయా?" అని అడిగినాడు. "నిండుకున్నాయి నాయనా" అన్నారామె. "సరే అయితే, జాగ్రత్త" అని అతడు తృప్తిగా ఫోను పెట్టివేసినాడు.

పది రోజులకు ఆమె వంటింటి గుమ్మంలో తల తిరిగి పడిపోయినారు. ఇరుగుపొరుగువారం ఆసుపత్రికి తీసికొనిపోయినాము. ప్రమాదం తప్పినది. పరుగున వచ్చిన మనుమడు మంచం ప్రక్కన కూర్చుని, "నిండుగా ఉన్నాయని నువ్వే కదా మామ్మా చెప్పావు!" అని కన్నీరు పెట్టుకున్నాడు. "అయ్యో, అయిపోయినాయనే కదురా చెప్పాను! పనుల్లో ఉండి పంపలేదేమో, మళ్లీ అడిగితే ఇబ్బంది పడతావేమోనని ఊరుకున్నాను" అన్నారామె. ఆ యిద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. ఇద్దరూ తెలుగే మాట్లాడినారు. ఇద్దరూ ఒకే మాటను, ఒకే క్షణంలో, ఒకే వస్తువును గురించి వాడినారు. అయినను ఆమె చెప్పినది అతనికి చేరలేదు.

మన పూర్వుల దృష్టిలో ఇంటిలో ఒక వస్తువు 'లేదు' అనడం అమంగళం. తథాస్తు దేవతలు వింటారని భయం. అందుచేత బియ్యం అయిపోతే నిండుకున్నవి అన్నారు. దీపం ఆరిపోతే కొండెక్కినది అన్నారు. చీకటి పడిన తరువాత ఉప్పును పేరు పెట్టి అడగడానికి జంకినారు. పాము కనబడితే పురుగు అన్నారు. గడప దాటేవాడు 'వెళ్తాను' అనక 'వెళ్లివస్తాను' అన్నాడు. మశూచికాన్ని 'అమ్మవారు' అన్నారు. ఆ వ్యాధి భూమి మీద లేకుండా పోయినదని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది గాని, అమ్మవారు మాత్రం ఆటలమ్మ రూపంలో మన మాటలలో ఇంకను ఉన్నది.

భాషా శాస్త్రజ్ఞులు ఇటువంటి పలుకుబడులను సౌమ్యోక్తులంటారు. వీటిలో ఒక చిక్కు ఉన్నది. చెప్పేవాడికీ వినేవాడికీ ఒకే భయం ఉన్నంతవరకే ఇవి పనిచేస్తవి. దేవతలు తథాస్తు అంటారని అమ్మమ్మకు భయం. మనుమడికి ఆ భయం లేదు. భయం పోయిన చోట దాని చుట్టూ అల్లిన చాటుమాట ఎందుకు? కాబట్టి అతడు ఆ మాటను ఉన్నదున్నట్లుగా, నిఘంటువులో వెదికినట్లుగా అర్థం చేసికొన్నాడు. నమ్మకం ముందు పోయినది, దాని వెనుకనే మాటకున్న అర్థం పోయినది.

మాటలు మారడం వింత కాదు. మారని మాటలను వెదకడమే కష్టం. పూర్వం చీర అంటే కట్టుకొనే వస్త్రం, ఎవరు కట్టినను సరే. నేడు ఆడవారి చీర మాత్రమే చీర. నూనె అంటే మొదట నువ్వుల నుండి తీసిన నెయ్యి. పేరులోనే నువ్వు దాగి ఉన్నది. ఇప్పుడు కొబ్బరి నుండి తీసినను, వేరుశనగ నుండి తీసినను నూనెయే. కంపు అంటే పూర్వకవులకు కేవలం వాసన, అది మంచిది కూడా కావచ్చును. ఈనాడు ఒక కావ్యంలో పువ్వుల కంపు అని కనిపిస్తే విద్యార్థి ముక్కు మూసుకొంటాడు. సాని అన్న మాట ఒకప్పుడు గౌరవనీయురాలైన స్త్రీకి చెందినది. తరువాత ఎంత దిగజారినదో అందరికీ తెలిసినదే, పాత గౌరవం 'దొరసాని' అన్న మాటలో మాత్రం తలదాచుకున్నది. ఇక సభికులారా అని వేదిక మీద నుండి సంబోధించే వక్తలకు తెలియని సంగతి ఒకటి: సంస్కృతంలో సభికుడంటే జూదశాల నడిపేవాడు! ఆ మాట మాత్రం మన చేతిలో పైకి వచ్చినది.

ఇవి శతాబ్దాల మీద జరిగిన మార్పులు గనుక మనకు నొప్పి తెలియదు. ఒకే యింటిలో, మూడు తరాలు ఒకే పంక్తిలో కూర్చుని భోజనం చేసేటప్పుడు జరిగే మార్పులు వేరు.

'బండి' అన్న చిన్నమాటను తీసికొనండి. తాతగారికి బండి అంటే ఎడ్లబండి. ఆయన యౌవనంలో రైలు వచ్చినపుడు దానిని పొగబండి అన్నారు, కాలక్రమాన 'బండి టైమయింది' అంటే రైలు అని అర్థమైనది. తండ్రికి బండి అంటే స్కూటరు. కుమారుడికి మోటారు సైకిలు. "బండి తీయరా" అని ఈనాడు కేక వేస్తే ఎద్దులను కట్టేవాడెవడూ లేడు. రీలు సంగతి కూడా అంతే. అమ్మమ్మ కుట్టుపెట్టెలో దారపు రీలు ఉండేది. నాన్నకు రీలు అంటే సినిమా, 'ఇంకా రెండు రీళ్లున్నాయి' అంటే కథ ముగింపునకు వచ్చినదని. మనుమరాలికి రీలు అంటే అరచేతిలో అర నిమిషం ఆడి మాయమయ్యే బొమ్మ. మూడింటిలోనూ చుట్టుకొని విడివడే గుణం ఒకటున్నది గాని, మూడవదానిలో చుట్టడానికి దారమూ లేదు, ఫిల్మూ లేదు. వస్తువు పోయినది, పేరు నిలిచినది.

క్రియలలో ఈ విచిత్రం ఇంకా ఎక్కువ. పూర్వపు టెలిఫోనుకు చక్రం ఉండేది, అందులో వేలు పెట్టి నంబరు త్రిప్పేవారు. మాట్లాడడం ముగిసిన తరువాత చేతిలోనిదాన్ని కొక్కెం మీద పెట్టేవారు. చక్రమూ లేదు, కొక్కెమూ లేదు. అయినను, కోపం వచ్చినపుడు ఈనాటికీ "ఫోను పెట్టేశాడు" అనే అంటారు. ఫోనును జేబులో పెట్టినాడని ఎవరూ అనుకోరు. రేడియోవారం గనుక మా సంగతి కూడా చెప్పుకోవాలి. గుండ్రని మీట లేని యంత్రంలో కూడా మన శ్రోతలు 'స్టేషను తిప్పుతారు'. అసలు 'ఆకాశవాణి' అన్న మాటే చూడండి. పురాణంలో అది శరీరం లేని దివ్యవాణి. దేవకి ఎనిమిదవ గర్భాన పుట్టేవాడు నిన్ను చంపుతాడని కంసుడిని హెచ్చరించినది అదే. 1950ల దశకంలో ఆ పేరు దేశమంతటా రేడియోకు స్థిరపడినది. మా కేంద్రానికి వచ్చిన ఒక బాలుడు, కథ వినిపించిన పెద్దాయనను అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ జ్ఞాపకం: "కంసుడింట్లో రేడియో ఉండేదా తాతగారూ?" ఆ బాలుడిది అజ్ఞానమని నేను అనలేను. అతడు పుట్టేనాటికి ఆ మాట చేతులు మారిపోయినది.

డబ్బు మాటల విషయంలో మాత్రం ఈ వ్యవహారం నవ్వుతో పోదు. 1957 ఏప్రిల్ 1న దేశంలో దశాంశ నాణేలు వచ్చినవి. అంతవరకు రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు పైసలు. రెండణాలు బేడ, నాలుగణాలు పావలా. పాత పైసతో పొరపడకుండా కొత్తదానికి నయాపైస అని పేరు పెట్టినారు. 1964లో ఆ 'నయా' తీసివేసినారు, కొత్తది ఎల్లకాలం కొత్తదిగా ఉండదు గదా! అణాలు పోయినను 'పదహారణాల తెలుగు' పోలేదు. నూటికి నూరుపాళ్లు అన్న అర్థం ఎందుకు వచ్చినదో తెలియకుండానే పిల్లలు ఆ మాట అంటున్నారు. పావలా మరింత గట్టిపిండం. అణాల లెక్క పోగానే ఇరవై అయిదు పైసల నాణెం మీదికి ఎక్కి కూర్చున్నది. ఆ నాణెం కూడా 2011 జూన్ 30తో చెల్లుబాటు మానివేసినది. అయినను పావలా పోలేదు. 'పావలా వడ్డీ' అన్న రూపంలో బ్రతికి ఉన్నది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగవలసి ఉన్నది. మన పల్లెలలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలు అని చెప్పుకొంటారు. పావలా వడ్డీ అంటే నూరు రూపాయలకు నెలకు పావు రూపాయి. అనగా సంవత్సరానికి మూడు శాతం. రూపాయి వడ్డీ అంటే పన్నెండు శాతం. రెండు రూపాయల వడ్డీ అంటే ఇరవై నాలుగు. మూడు రూపాయల వడ్డీ అంటే ముప్పై ఆరు. అప్పు ఇచ్చే ఆసామికీ, పుచ్చుకొనే పాతకాలపు రైతుకూ ఈ లెక్క నోటికి వచ్చును. బ్యాంకులలో సాలుసరి శాతాలు మాత్రమే విన్న యువకుడికి 'రెండు రూపాయల వడ్డీయే కదా' అంటే చాల చౌకగా వినబడుతుంది. బ్యాంకు తొమ్మిది అడుగుతుంటే ఈయన రెండే అడుగుతున్నాడని సంతోషించే ప్రమాదం కూడా ఉన్నది. అటునుంచి చూస్తే, తొమ్మిది శాతమని బ్యాంకు వారు చెప్పినపుడు, 'అమ్మో, తొమ్మిది రూపాయలే!' అని వెనుదిరిగే వృద్ధుడు కూడా ఉండవచ్చును. ఒకే అంకె ఒకరికి నెల, ఒకరికి సంవత్సరం. మాట తెలియకపోవడం వలన ఇక్కడ పోయేది సొమ్ము.

పెద్దలు సాధారణంగా చేసే ఫిర్యాదు వీటిని గురించి కాదు. "ఈ కాలపు పిల్లల నోట ఒక్క తెలుగు ముక్క లేదు, అంతా ఇంగ్లీషే" అన్నది వారి ఫిర్యాదు. దీనిని నేను పూర్తిగా కొట్టివేయను. కాని ఈ ఫిర్యాదు పాతది. సి.పి. బ్రౌను 1854లో ఒక ప్రత్యేక నిఘంటువును ప్రచురించినాడు. కచేరీలలోనూ వ్యవహారంలోనూ తెలుగువారు వాడుతున్న పారసీ, హిందూస్తానీ, ఇంగ్లీషు మొదలైన అన్యభాషా పదాల కోసం, తన పెద్ద నిఘంటువుకు తోడుగా కూర్చిన మిశ్రభాషా నిఘంటువు అది. కలగాపులగపు మాటలకు వేరుగా ఒక గది కట్టినాడన్న మాట. ఆ గోడ ఇప్పుడెక్కడ ఉన్నది? కాగితం, కలం, జవాబు, ఖర్చు, రసీదు, తయారు, జిల్లా, రోజు — ఇవన్నీ పారసీ, అరబ్బీల నుండి వచ్చినవే. 'రోజు' అన్న మాట లేకుండా ఒక్క రోజు గడపగల తెలుగువాడున్నాడా? మేస్త్రి, పాదిరి, అనాస, బాల్చీ పోర్చుగీసువారి ఓడలు మోసుకొచ్చిన మాటలు. తుపాకి తురుష్కుల మాట. ఇచ్చి పుచ్చుకోవడంలో మనమూ తక్కువ తినలేదు. మన పందికొక్కు ఇంగ్లీషువాడి నోటపడి 'బాండికూట్' అయి, సముద్రం దాటి ఆస్ట్రేలియాలో ఏమాత్రం చుట్టరికం లేని వేరొక జంతువుకు పేరైనది.

మరి తేడా ఏమీ లేదా? ఉన్నది. అయితే అది వచ్చిపడుతున్న మాటల సంఖ్యలో లేదు, మాట కడపటి అక్షరంలో ఉన్నది. తెలుగు అజంత భాష, మాట అచ్చుతో ముగియాలి. మన తాతలు ఏ పరాయి మాట తెచ్చుకొన్నను దానికి ముందు తెలుగు స్నానం చేయించినారు. ఇంగ్లీషువాడి 'లాంటర్న్' వారి నోట లాంతరు అయినది. హాస్పిటలు ఆసుపత్రి అయినది. కిరసనాయిలు వచ్చినది. బస్సు, రోడ్డు, రైలు, గ్లాసు — అన్నిటికీ చివర ఒక ఉకారం తగిలించి, విభక్తులు చేర్చి, బహువచనాలు కట్టి ఇంటివాళ్లను చేసికొన్నారు. ఈనాటి యువకుడు 'బస్' అంటాడు, 'రోడ్' అంటాడు, ఆ ఉకారం వేయడం మోటుతనమనుకొంటాడు. తాతగారు మాటను దత్తత తీసికొన్నారు, మనుమడు దానిని అతిథిగానే ఉంచుతున్నాడు. అతిథులు ఎక్కువైన ఇంటిలో ఇంటివారు మెల్లగా మాట్లాడడం అలవాటవుతుంది. నా మట్టుకు నాకు కలిగే దిగులు ఇంతవరకే.

కుర్రకారు మాటల సంగతి పూర్తిగా వేరు. అవి అవసరం కొద్దీ పుట్టినవి కావు, చాటు కోసం పుట్టినవి. మన చిన్నతనంలో 'క' భాష మాట్లాడని వారెవరు? ప్రతి అక్షరానికి ముందు ఒక 'క' చేర్చడమే దాని వ్యాకరణమంతా. 'రేపు రా' అనడానికి 'కరేకపు కరా'. పెద్దలకు అర్థం కాకూడదన్నదే ఉద్దేశం. పెద్దలు కూడా చిన్నతనంలో అదే భాష మాట్లాడినారన్న సంగతి పిల్లలకు తోచదు. కళాశాల మాటలు ఆ 'క' భాషకు పెద్దన్నలు. ఎవడు మనవాడో, ఎవడు పైవాడో తేల్చే గుర్తు అది. అందుకే పెద్దలు ఒక మాటను నేర్చుకోగానే పిల్లలు దానిని వదలివేస్తారు. నా యీడువాడు సరదాకు 'కేక' అన్నాడంటే ఆ మాటకు కాలం చెల్లినట్లే.

ఈ మాటల తయారీ చూడదగినది. మెచ్చుకోలుకు వీరు తీసికొనేవన్నీ దెబ్బలూ ఆయుధాలే. పాట బాగుంటే 'కత్తి', ఆట బాగుంటే 'కేక', నటుడు బాగా చేస్తే 'చంపేశాడు'. జబర్దస్తీ అంటే తాతలకు బలాత్కారం, దౌర్జన్యం. మనుమలకు జబర్దస్తు అంటే అద్భుతం. ఈ విషయంలో మనుమలే మూలానికి దగ్గరగా ఉన్నారు! పారసీలో అది బలవంతుడిని, పైచేయిగలవాడిని చెప్పే మాట. 'వాడు తోపురా' అన్న మాట వినగానే మామిడితోపు స్ఫురించే తరం మాది. ఉర్దూలో తోప్ అంటే ఫిరంగి. హైదరాబాదులో పూర్వం ఫిరంగులు పోత పోసిన చోటును తోప్ కా సాంచా అనేవారు. హిందీలో కూడా గొప్పలకు పోయేవాడిని 'నువ్వేమైనా తోపువా' అని ఎగతాళి చేయడం ఉన్నది. మన కుర్రవాళ్లు ఎగతాళిని కొంత, మెచ్చుకోలును కొంత కలిపి వాడుకొంటున్నారు.

అలాంటిదే తురుంఖాను. 'నువ్వేమైనా తురుంఖానువా?' అని బీరాలు పలికేవాడిని దెప్పడం తెలుగునాట పెద్దలకూ పిన్నలకూ అలవాటే. 1857 జూలైలో హైదరాబాదులోని బ్రిటిషు రెసిడెన్సీ మీద దండెత్తిన వీరుడు తుర్రేబాజ్ ఖాన్. పట్టుబడి, తప్పించుకొని, చివరకు చంపబడినాడు. ఈ పలుకుబడికి మూలం ఆయన పేరేనని హైదరాబాదు వారు చెప్పుకొంటారు. అదే నిజమైతే, ఎదురులేని ధైర్యశాలిని గురించి పుట్టిన మాటను మనం ధైర్యం లేని ప్రగల్భుడిని దెప్పడానికి వాడుతున్నాము. గ్రామ్యమని మనం తోసివేసే మాటలో ఒక మనిషి ప్రాణత్యాగం దాగి ఉండవచ్చునన్న మాట.

తరాల మధ్య మాట ఎట్లా తడబడుతుందో, ప్రాంతాల మధ్యను అట్లాగే తడబడుతుంది. అందరికంటే ఎక్కువగా తడబడేవి రెండు చిన్న మాటలు: నువ్వు, మీరు. కోస్తా జిల్లాల చదువుకొన్న కుటుంబాలలో పెద్దవారిని, కొత్తవారిని 'మీరు' అనడం మర్యాద. భార్య భర్తను 'మీరు' అనేది, 'ఏమండీ' అని పిలిచేది. ఇప్పుడు కొత్త దంపతులలో చాలమంది ఒకరినొకరు 'నువ్వు' అనుకొంటున్నారు. అత్తగారికి చెవులు చివుక్కుమంటవి. తెలంగాణ పల్లెలలో పెద్దవారినైనా, అధికారినైనా ఆత్మీయంగా 'నువ్వు' అనడం పరిపాటి. అందులో అగౌరవం లేశమైనా లేదు, 'అన్నా', 'సారూ' అన్న పిలుపులోనే గౌరవమంతా ఉన్నది. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత రెండు ప్రాంతాల ఉద్యోగులూ ప్రజలూ ఒకే కార్యాలయంలో ఎదురుపడినారు. 'నువ్వు ఎప్పుడొచ్చినవ్ సారూ?' అని ప్రేమగా అడిగిన రైతును చూచి మొగం మాడ్చుకొన్న గుమాస్తాలు లేకపోలేదు. అర్జీ పట్టుకొని వచ్చిన ఆ రైతు పని ఎంత ఆలస్యమైనదో ఊహించుకొనవచ్చును. నువ్వు అన్నందుకు నొచ్చుకొన్న ఆ పెద్దమనిషి ఇంటికి పోయి తన తల్లిని ఏమని పిలుస్తాడు? పూజగదిలో రాముడిని ఏమని వేడుకొంటాడు? 'మీరు' అని కాదు గదా!

ఆ అపార్థం కార్యాలయాలతో ఆగలేదు. తెలంగాణ పలుకుబడిని చాలకాలం మన చలనచిత్రాలు దుండగీళ్లకూ, నవ్వించే పాత్రలకూ కేటాయించినవి. నాయకుడు ఒక తెలుగు, నౌకరు ఒక తెలుగు. తన అమ్మ మాట్లాడే మాటకు హాలంతా నవ్వుతుంటే, వెనుక వరుసలో కూర్చున్న పిల్లవాడికి ఏమనిపించి ఉండును? ఇంటి మాటను బయట నోరెత్తకుండా దాచుకోవడం అతడు అక్కడ నేర్చుకొన్నాడు. 2014లో ప్రత్యేక రాష్ట్రం ఏర్పడిన తరువాత ఈ పరిస్థితి చాల వరకు మారినది. 2017లో 'ఫిదా', 2023లో 'బలగం' వంటి చిత్రాలలో ప్రధాన పాత్రలే ఆ భాష మాట్లాడినవి, రెండు రాష్ట్రాల ప్రేక్షకులూ ఆదరించినారు. ఉత్తరాంధ్రలో 'గుంట' అంటే ఆడపిల్ల అనీ, రాయలసీమలో 'ఎర్రగడ్డ' అంటే ఉల్లిపాయ అనీ తెలియక తికమకపడేవారు మాత్రం ఇంకను ఉన్నారు. అది నష్టం లేని తికమక.

వాడుక భాషకు గౌరవం సంపాదించడానికి గిడుగు రామమూర్తి పంతులుగారు తమ జీవితాన్నే ధారపోసినారు. 1863లో పుట్టి 1940లో గతించిన ఆ మహానుభావుడు, పండితుల సభలలో ఒంటరిగా నిలిచి, జీవించి ఉన్న మాటే మాట అని వాదించినారు. ఆయన మిత్రుడు గురజాడ అప్పారావుగారు 'కన్యాశుల్కం' నాటకాన్ని నాటి విజయనగరం వారి నోటి మాటలతో నింపినారు. 1897లో తొలి ముద్రణ, 1909లో పెంచి తిరిగి వ్రాసిన ముద్రణ వెలువడినవి. చదువురానివాడికి కూడా అర్థం కావాలని వ్రాసిన ఆ నాటకానికి ఈనాడు కళాశాల విద్యార్థులు అధస్సూచికలు వెదుకుకొంటున్నారు. గ్రాంథిక భాష ముసలిదైపోయినదని వాదించి గెలిచిన వాడుక భాష, నూరేళ్లు తిరిగేసరికి తానే గ్రంథమై కూర్చున్నది. ఇది గిడుగువారి ఓటమి కాదు. ఆయన చెప్పినదే జరిగినది, అంతే.

మైక్రోఫోను ముందు కూర్చునే మావంటివారికి ఇది వాదోపవాదాల విషయం కాదు, దినచర్య. పుస్తకం చదివేవాడు అర్థం కాకపోతే ఒక పుట వెనుకకు త్రిప్పవచ్చును. వినేవాడికి ఆ సౌకర్యం లేదు, మాట గాలిలోకి పోయినదంటే పోయినదే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక వ్యవసాయ ప్రసంగాన్ని సరిచూచే పని నాకు అప్పగించినారు. రైతు వ్రాసిన 'పెంట' అన్న మాటను కొట్టివేసి, 'సేంద్రియ పదార్థం' అని వ్రాసినాను. పట్నంలో పెరిగిన నాకు పెంట అంటే అసహ్యం. పశువుల ఎరువుకు పొలంలో అదే మాట అని తెలియదు. మరుసటి వారం వచ్చిన ఒక కార్డులో, మీరు చెప్పిన ఆ మందు ఏ కొట్టులో దొరుకుతుందని ఒక రైతు అడిగినాడు. తన పెరటిలో కుప్పగా పడి ఉన్నదానిని కొనడానికి అతడు పట్నం రావడానికి సిద్ధపడినాడు! ఆ కార్డును చాలకాలం నా బల్ల సొరుగులో ఉంచుకొన్నాను.

ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఊరూరా రైతుల నోట ఉన్న మాటలను సేకరింపజేసి, మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటాన్ని వ్యవసాయ పదాలతో 1962లో వెలువరించినారు. నాగలిలోని ఒక చిన్న కొయ్యముక్కకు కూడా జిల్లా జిల్లాకు ఒక పేరున్న సంగతి అటువంటి గ్రంథం చూస్తేనే తెలుస్తుంది. ఆ పేర్లలో ఎన్నిటినో నాగలి తనతోపాటు తీసికొనిపోతున్నది. ట్రాక్టరు వచ్చిన పొలంలో మేడి ఎవరికి కావాలి, కాడి ఎవరికి కావాలి? అయినను 'కాడి పారేసినాడు' అన్న మాట కార్యాలయంలో కూడా వినబడుతూనే ఉన్నది. ఎద్దును ఎన్నడూ తాకని గుమాస్తా, పని మధ్యలో వదలివేసిన తోటి గుమాస్తాను ఆ మాట అంటాడు.

మా వీధి పెద్దామె ఇప్పుడు కులాసాగా ఉన్నారు. మనుమడు మాత్రం పాఠం నేర్చుకొన్నాడు. ఉన్నాయా లేవా అని అడగడం మానివేసి, "ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చెప్పు మామ్మా" అంటాడు. ఆమె కళ్లజోడు పెట్టుకొని, మాత్రల అట్టను వెలుగుకు ఎత్తిపట్టి, ఒకటి, రెండు అని పైకి లెక్కపెడతారు. మొన్న నేను అక్కడ కూర్చుని ఉండగానే ఫోను వచ్చినది. లెక్క పూర్తి అయిన తరువాత అతడు 'సరే, బై' అన్నాడు. ఆమె ఏమీ పలకలేదు, ఫోను చెవి దగ్గరనే పెట్టుకొని ఉన్నారు. ఒక్క క్షణం ఆగి, "వెళ్లొస్తాను మామ్మా" అన్నాడతడు. ఎక్కడికీ వెళ్లడం లేదు, తన గదిలోనే కూర్చుని ఉన్నాడు. "మంచిది నాయనా" అని ఆమె ఫోను పెట్టివేసినారు.